తూటా మనమే చేసుకుంటే మిగులుతుందా?

గాల్లోకి ఎగరేసిన మట్టి బిళ్లల్ని తుపాకీతో కొట్టే ట్రాప్, స్కీట్ ఆటల్లో దిగి ఆరేడు నెలలయ్యేసరికి దాదాపు ప్రతివాళ్లకూ ఒక ఆలోచన పుడుతుంది. పెట్టెకు ఇంతింత పోసి తూటాలు కొనడం దేనికి? కాల్చిన డొల్లలు ఎలాగూ చేతిలోనే ఉన్నాయి. వాటిలో మళ్లీ మందు, గుళ్లు నింపి వాడుకుంటే పోలా? అమెరికాలో ఇది చట్టం ఒప్పుకున్న పాత వ్యాపకమే, రీలోడింగ్ అంటారు. అక్కడ స్థిరపడిన మనవాళ్లలో వారాంతాల్లో తుపాకీ సంచీ భుజాన వేసుకుని క్లే టార్గెట్లు కొట్టడానికి వెళ్లేవాళ్లున్నారు. ఈ అధ్యాయం ముఖ్యంగా వాళ్ల కోసం. తుపాకీ ముట్టనివాళ్లు కూడా చదవచ్చు. ‘ఇంట్లో చేసుకుంటే చౌక’ అనే మాట మనం రోజూ వింటాం, అంటాం, లెక్క మాత్రం వేయం. ఈ పనిలో ప్రతి వస్తువుకూ తూకం ఉంది, ధర ఉంది, పట్టే సమయం ఉంది. కాబట్టి లెక్క వేయకుండా తప్పించుకోవడం కుదరదు.

ముందే చెప్పేస్తాను. డబ్బు మిగులుతుందా లేదా అన్నది మీ పొదుపు గుణం మీద కన్నా మీ తుపాకీ గొట్టం లావు మీద ఎక్కువ ఆధారపడుతుంది. 12 గేజ్ కాల్చేవాళ్లకు ఒక జవాబు, 28 గేజ్, 410 కాల్చేవాళ్లకు మరో జవాబు. మన ఊళ్లలో 12 బోర్ అనేదాన్నే అమెరికాలో 12 గేజ్ అంటారు. గేజ్ అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. 410 మాత్రం గేజ్ అంకె కాదు, అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో 410 భాగాల వెడల్పు గొట్టం. వీటన్నిట్లోకీ సన్నది అదే.

ఒక్క తూటాను విప్పి చూస్తే

షాట్‌గన్ తూటాలో ఉండేవి ఐదే వస్తువులు. పైన ప్లాస్టిక్, అడుగున లోహపు అంచు ఉన్న డొల్ల. అడుగు మధ్యలో, పిన్ను దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే ప్రైమర్. దాని పైన మందు. మందు మీద ప్లాస్టిక్ వాడ్. వాడ్ గిన్నెలో సీసపు గుళ్లు. పై కొసను మడతలు పెట్టి మూసేస్తే తూటా తయారు. కాల్చాక మన చేతికి తిరిగొచ్చేది డొల్ల ఒక్కటే. మిగతా నాలుగూ ప్రతిసారీ కొనాల్సిందే.

కింద నేను వేసే ధరలు లెక్క పట్టుబడటానికి మాత్రమే. మీ ఊరి దుకాణంలో ధరలు వేరుగా ఉంటాయి, వాటినే వేసుకోండి.

సీసపు గుళ్లు 25 పౌండ్ల సంచుల్లో దొరుకుతాయి. పౌండుకు 16 ఔన్సులు, అంటే సంచికి 400 ఔన్సులు. ఔన్సు గుళ్లు పట్టే 12 గేజ్ తూటాలు సంచికి సరిగ్గా 400 వస్తాయి. సంచి 50 డాలర్లనుకుంటే తూటాకు పన్నెండున్నర సెంట్లు. మందును గ్రెయిన్లలో తూస్తారు, పౌండుకు 7,000 గ్రెయిన్లు. తూటాకు సుమారు 18 గ్రెయిన్లు పట్టే మందయితే పౌండుకు 388 తూటాలు. పౌండు డబ్బా 32 డాలర్లయితే తూటాకు ఎనిమిది సెంట్ల చిల్లర. ప్రైమర్లు వెయ్యికి 80 డాలర్లు, ఒక్కోటి ఎనిమిది సెంట్లు. వాడ్లు 500కు 15 డాలర్లు, ఒక్కోటి మూడు సెంట్లు. అన్నీ కలిపితే తూటాకు దాదాపు 32 సెంట్లు, 25 తూటాల పెట్టెకు 7 డాలర్ల 90 సెంట్లు.

అదే పెట్టె దుకాణంలో తొమ్మిదిన్నర డాలర్లకు దొరుకుతోందనుకోండి. మిగులు ఒక డాలరు 60 సెంట్లు. ఇంత హడావిడీ దానికే.

ఇప్పుడు 410కి రండి. అందులో పట్టేది అర ఔన్సు గుళ్లే. సంచికి 800 తూటాలొస్తాయి, ఒక్కోదానికి ఆరు సెంట్ల పైన. మందు, ప్రైమర్, వాడ్ కలిపినా తూటా 24 సెంట్లు దాటదు, పెట్టె ఆరు డాలర్లు. దుకాణంలో 410 పెట్టె 16 డాలర్లనుకుంటే మిగులు పది డాలర్లు. 28 గేజ్‌లో ముప్పావు ఔన్సు గుళ్లు పడతాయి. ఇంట్లో చేస్తే 6 డాలర్ల 80 సెంట్లు, బయట 15 డాలర్లనుకుంటే మిగులు ఎనిమిది పైమాటే.

తక్కువ సీసం, తక్కువ మందు పట్టే చిన్న తూటాకు ఎక్కువ ధర ఏమిటని అడగవచ్చు. కారణం సీసం కాదు, గిరాకీ. ఫ్యాక్టరీల్లో 12 గేజ్ యంత్రాలు ఆగకుండా తిరుగుతాయి. 28, 410 అడిగేవాళ్లు తక్కువ కాబట్టి వాటిని అప్పుడప్పుడు కొద్దికొద్దిగా చేస్తారు. మీ గ్యారేజీలోని యంత్రానికి ఆ తేడా పట్టదు. 12 తూటాకైనా 410 తూటాకైనా మీరు కిందకు లాగే మీట ఒకటే. రీలోడింగ్‌లో మిగిలే డబ్బంతా ఈ తేడాలోనే ఉంది. 12 గేజ్‌లో ఫ్యాక్టరీతో పోటీ పడుతున్నారు, గెలవడం కష్టం. చిన్న గేజ్‌లలో ఫ్యాక్టరీకి ఆ పోటీ మీద పెద్దగా ఆసక్తి లేదు.

గంటకు ఎంత?

ఏడాదిలో నలభై శనివారాలు క్లబ్బుకు వెళ్లి, వెళ్లినప్పుడల్లా నాలుగు రౌండ్లు ఆడే మనిషిని తీసుకుందాం. రౌండుకు 25 టార్గెట్లు, అంటే రౌండుకో పెట్టె. ఏడాదికి 160 పెట్టెలు. 12 గేజ్ అయితే మిగులు 256 డాలర్లు. ఒక్కో తూటా చొప్పున చేసే మామూలు యంత్రం మీద కొత్తవాడు గంటకు నాలుగు పెట్టెలు చేస్తే మంచి వేగమే. 160 పెట్టెలకు 40 గంటలు. గంటకు 6 డాలర్ల 40 సెంట్లు. అమెరికా ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచి గంటకు 7 డాలర్ల 25 సెంట్లు. మీ గ్యారేజీలో మీకు మీరే కనీస వేతనం కూడా ఇచ్చుకోవడం లేదన్నమాట.

410 చేసే చేయి ఇంకాస్త నెమ్మదిస్తుంది. వాడ్ చిన్నది, డొల్ల నోరు చిన్నది, గుళ్లు గొట్టంలో ఇరుక్కుని దిగనని మొరాయిస్తుంటాయి. గంటకు మూడు పెట్టెలు వేసుకోండి. 160 పెట్టెలకు 53 గంటలు, మిగులు 1,600 డాలర్లు. గంటకు ముప్ఫై. ఇది ఆలోచించదగ్గ కూలి.

అయితే గంటకు ధర కట్టడంలో ఒక మెలిక ఉంది. ఐటీ ఉద్యోగులు తమ జీతాన్ని గంటల్లోకి మార్చి, ‘నా గంట 60 డాలర్లు, ఈ పని నాకు దండగ’ అనేస్తారు. రాత్రి తొమ్మిదింటికి మీ గంటను 60 డాలర్లిచ్చి ఎవరూ కొనడం లేదు కదా. అసలు అడగాల్సింది, ఆ గంటలో దీని బదులు మీరేం చేసేవారని. ఫోన్‌లో రీళ్లు చూసేవారైతే ఆ గంట ఖరీదు సున్నా. పిల్లవాడి లెక్కల హోమ్‌వర్క్ దగ్గర కూర్చునేవారైతే దానికి ధర కట్టే ధైర్యం నాకు లేదు.

యంత్రం ఖర్చు కూడా ఇక్కడే తేల్చేద్దాం. విస్కాన్సిన్‌లోని మేవిల్ ఊళ్లో తయారయ్యే మెక్ 600 జూనియర్ ఈ రంగంలో అందరికీ తెలిసిన యంత్రం. యంత్రం, మందు తూచే త్రాసు, లోడ్ డేటా పుస్తకం, చిల్లర సామాను అన్నీ కలిపి 400 డాలర్లనుకుంటే, ఆ డబ్బు తిరిగి రావడానికి 12 గేజ్‌లో 250 పెట్టెలు చేయాలి. 28 గేజ్‌లో యాభై చాలు, 410లో నలభై. మొదటివాడికి ఏడాదిన్నర, చివరివాడికి పది వారాలు.

తడిసి మోపెడు

ఇంతవరకు వేసింది కాగితం మీది లెక్క. దుకాణం బిల్లు దీనికన్నా లావుగా ఉంటుంది.

మందు, ప్రైమర్లు కొరియర్‌లో తెప్పిస్తే ప్రమాదకర వస్తువుల రవాణా రుసుం పడుతుంది. ఒక్క పౌండు డబ్బాకైనా, పెద్ద ఆర్డరుకైనా రుసుం ఒకటే. ఒక్క డబ్బా తెప్పించుకున్నవాడికి చేతి చమురు వదులుతుంది. అందుకని క్లబ్బులో నలుగురు కలిసి ఒకే ఆర్డరు పెడతారు. గుళ్ల సంచి ఒక్కోటి పదకొండు కిలోలకు పైనే, దాన్ని కొరియర్‌లో తెప్పించడమూ బరువైన బేరమే. దగ్గర్లోని క్లబ్బులోనో దుకాణంలోనో కొనుక్కుని కారు డిక్కీలో వేసుకు రావడం మేలు.

ధర తగ్గాలంటే టోకున కొనాలి. ఎనిమిది పౌండ్ల మందు డబ్బా, ఐదు వేల ప్రైమర్లు, పది సంచుల గుళ్లు. వెయ్యి డాలర్లకు పైన గ్యారేజీ అరలో కూర్చుంటుంది. ఇష్టం వచ్చినంత నిల్వ పెట్టుకోవడానికీ లేదు. అమెరికాలో చాలాచోట్ల అగ్నిమాపక నిబంధనలకు ఆధారమైన ఎన్‌ఎఫ్‌పీఏ 495 ప్రమాణం ఇళ్లలో 20 పౌండ్ల వరకు మందును దాని అసలు డబ్బాల్లోనే ఉంచమంటుంది, ప్రైమర్లు 10,000 దాటవద్దంటుంది. మీ నగరంలో ఇంకా కఠినంగా ఉండవచ్చు. అపార్ట్‌మెంట్‌లో అద్దెకుండేవాళ్లు లీజు కాగితం ఒకసారి చదువుకుంటే మంచిది.

ఇక నిలకడ లేని ధరల సంగతి. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ప్రైమర్లు నెలల తరబడి అరల్లో కనబడలేదు. ఆ ఏడాది జూలైలోనే రెమింగ్టన్ కంపెనీ దివాలా కోర్టుకెక్కింది. ఆర్కన్సాలోని లోనోక్‌లో ఉన్న దాని తూటాల ఫ్యాక్టరీని విస్టా అవుట్‌డోర్ కొనుక్కుంది. అప్పుడు రీలోడర్లు రెండు జాతులయ్యారు. నిల్వ ఉన్నవాళ్లు ఎప్పటిలాగే ఆడుకున్నారు, లేనివాళ్లు ఖాళీ యంత్రం ముందు కూర్చున్నారు. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక పొగరాని మందుకు మూలమైన నైట్రోసెల్యులోజ్‌కు ఫిరంగి గుండ్ల తయారీదారుల నుంచి గిరాకీ పెరిగి, మందు డబ్బాలకూ కటకట వచ్చింది. సీసం సంగతి మరో రకం. ప్రపంచంలో సీసం ఎక్కువగా పోయేది బ్యాటరీల్లోకి, కాబట్టి మీ గుళ్ల సంచి ధరను నిర్ణయించేది వేటగాళ్లు కాదు, వాహనాల బ్యాటరీలు.

చాలామంది పాత రీలోడర్లు ‘పెట్టె నాలుగు డాలర్లకే చేస్తున్నాను’ అని చెబుతారు. అబద్ధం కాదు. పదేళ్ల కిందట కొన్న గుళ్లు, ప్రైమర్లు వాడుతున్నారు. ఆ లెక్క వాళ్లదే గానీ మీకు పనికిరాదు. ఈ రోజు కొనబోయేవాడు ఈ రోజు ధరతోనే లెక్క వేసుకోవాలి. నిజానికి వాళ్లు కూడా అంతే. ఈ రోజు అమ్మితే 50 డాలర్లొచ్చే సంచిని ఎప్పుడో 25కు కొన్నామని చెప్పి, ఇప్పుడు 25 డాలర్ల గుళ్లే కాలుస్తున్నాం అనుకోవడం కుదరదు.

మిగిలింది ఎక్కడికి పోయింది?

టెక్సస్‌లో ఉండే ఒక మిత్రుడిది గుంటూరు వైపు. 410 అంటే పిచ్చి. యంత్రం కొన్న ఏడాదికి వాళ్లింట్లో భోంచేస్తుంటే మా ఎదుటే ఆయన భార్య అడిగింది.

“ఏమండీ, ఇంతకీ ఎంత మిగిలిందండీ ఇప్పటికి?”

“పెట్టెకు పది డాలర్లు,” అన్నాడు, మజ్జిగ పోసుకుంటూ.

“పెట్టెకు కాదండీ, నెలకు.”

ఆయన మజ్జిగ గిన్నె కింద పెట్టి ఆలోచనలో పడ్డాడు. భోజనాలయ్యాక కాగితం మీద వేశాం. ఇదివరకు వారానికి నాలుగు రౌండ్లు. పెట్టె 16 డాలర్లు, క్లబ్బు రుసుం రౌండుకు ఎనిమిది. మొత్తం 96 డాలర్లు. తూటాలు చౌకయ్యాక ‘ఇంకో రౌండు, ఇంకో రౌండు’ అంటూ వారానికి ఎనిమిదికి చేరాడు. పెట్టె ఆరు డాలర్లు, రుసుం మళ్లీ ఎనిమిదే. మొత్తం 112 డాలర్లు. ఇంట్లో చేసుకోవడం మొదలుపెట్టాక ఖర్చు పెరిగింది!

ఆవిడ నవ్వి, “పోనీలెండి, గురయినా కుదిరిందా?” అంది. కుదిరింది. అది నిజం.

వ్యాపకాల్లో ఆదా అయిన డబ్బు బ్యాంకుకు పోదు, మళ్లీ ఆ వ్యాపకంలోకే పోతుంది. ఇందులో తప్పు లేదు. అదే డబ్బుకు రెట్టింపు సాధన దొరికితే అది లాభమే. కానీ దాన్ని ఇంట్లో ‘పొదుపు’ పేరుతో అమ్మకూడదు. యంత్రం కొనేముందు భార్యతోనో భర్తతోనో అనాల్సిన మాట ‘డబ్బు మిగులుతుంది’ కాదు, ‘ఇదే డబ్బుతో ఎక్కువ ఆడతాను’. ఇంటి బడ్జెట్‌లో ఈ రెండు మాటలూ వేర్వేరు గడుల్లోకి వెళతాయి. నిజంగా మిగల్చాలనుకునేవాళ్లు నెలకు ఇన్ని పెట్టెలని ముందే గీత గీసుకుని, యంత్రం వచ్చాక కూడా ఆ గీత దాటకూడదు. అలా ఉండగలిగినవాళ్లను నేను పెద్దగా చూడలేదు.

డబ్బు కాని కారణాలు

12 గేజ్‌కు కూడా రీలోడింగ్ గిట్టే సందర్భం ఒకటుంది, మెత్తని తూటా కావాలనుకున్నప్పుడు. క్లబ్బుల్లో చాలామంది ఔన్సూ ఎనిమిదో వంతు గుళ్లు కాలుస్తారు. సుమారు 32 గ్రాములు. భుజం నొప్పి ఉన్నవాళ్లకు, సన్నగా ఉన్న పిల్లలకు వంద తూటాలయ్యేసరికి తుపాకీ వెనక్కు తన్నే దెబ్బ తెలుస్తుంది. దెబ్బకు భయపడి ట్రిగ్గర్ లాగే ముందే కళ్లు మూయడం అలవాటైతే, దాన్ని మాన్పించడం బ్రహ్మతరం కాదు. నిజానికి ఒలింపిక్ ట్రాప్‌లో అనుమతించే గుళ్ల బరువు 24 గ్రాములే, ఔన్సులో ఎనిమిదింట ఏడు వంతుల కన్నా కాస్త తక్కువ. 2016 రియో ఒలింపిక్స్ ట్రాప్‌లో పోటీ పడ్డ హైదరాబాదీ కైనన్ చెనాయ్ కాల్చేది ఆ తూకమే. అంతటి పోటీకి సరిపోయింది మన శనివారం సరదాకు సరిపోదా?

తేలిక తూటాలు దుకాణంలోనూ దొరుకుతాయి గానీ గుళ్లు తగ్గినంత మాత్రాన ధర తగ్గదు. ఇంట్లో చేస్తే తగ్గుతుంది. ఔన్సూ ఎనిమిదో వంతు నుంచి ఎనిమిదింట ఏడు వంతులకు దిగితే సంచికి వచ్చే తూటాలు 355 నుంచి 457కు పెరుగుతాయి. గుళ్ల ఖర్చులోనే పెట్టెకు ఎనభై సెంట్లు మిగులు. 12 గేజ్ వదలనంటే ఈ దారిలో వెళ్లండి. మామూలు తూటాకు నకలు చేయడానికి మాత్రం యంత్రం కొనకండి.

రెండో కారణం, ఆ పనిలోనే ఒక ఆనందం ఉంది. డొల్లను యంత్రంలో పెట్టి మీట దించితే అడుగున పాత ప్రైమర్ టిక్కుమని రాలుతుంది. పక్క గడిలో కొత్తది కూర్చుంటుంది. తర్వాతి గడిలో అడ్డ పట్టీని ఒక వైపుకు తోస్తే మందు దిగుతుంది. వాడ్‌ను బొటనవేలితో నోట్లో నిలబెట్టి మీట నొక్కాలి, వేలికి కాస్త ఒత్తిడి తెలియాలి. పట్టీని రెండో వైపుకు తోస్తే గుళ్లు జలజల రాలి వాడ్ నిండుతుంది. చివరి రెండు గడుల్లో ఆరు మడతలో ఎనిమిది మడతలో పడి నోరు మూసుకుంటుంది. డొల్లకు ముందు ఎన్ని మడతలున్నాయో మళ్లీ అన్నే వేయాలి. మడతలు మధ్యలో చక్కగా కలిసి, గుంట పడకుండా, రంధ్రం లేకుండా ఉన్న తూటాను వేళ్ల మధ్య తిప్పి చూసుకుంటే ఆ రోజు ఆఫీసులో జరిగింది గుర్తుకు రాదు. పట్టీ తోయడం మరిచారా, మందు లేని తూటా తయారవుతుంది. డొల్ల పెట్టకుండా పట్టీ తోశారా, గ్యారేజీ నేలంతా గుళ్లే. వాటి మీద కాలు పెడితే జారి పడటం ఖాయం. ఈ పనికి పాటలు, ఫోన్, టీవీ పనికిరావు. ఒక గంటసేపు ఒకే పని మీద మనసు నిలిపే అవకాశం ఈ రోజుల్లో ఎంతమందికి దొరుకుతోంది?

ప్రాణంతో పెట్టుకోవద్దు

లోడ్ డేటా అనేది వంటల పుస్తకం కాదు. లైమన్ పుస్తకమైనా, హాడ్జ్‌డన్ లాంటి మందు కంపెనీ ఇచ్చే పట్టికైనా, అందులో రాసిన డొల్ల, ప్రైమర్, మందు, వాడ్, గుళ్ల బరువు అయిదూ యథాతథంగా వాడాలి. ఒక్కటి మార్చినా గొట్టంలో ఒత్తిడి మారిపోతుంది. ‘ఈ వాడ్ దొరకలేదు, అలాంటిదే వేశాను’ అనేవాళ్ల పక్కన నిలబడకండి. సీసానికి బదులు ఉక్కు గుళ్లు అసలే కుదరవు. నీటి పక్షుల వేటలో సీసం వాడకాన్ని అమెరికా 1991 నుంచి దేశమంతటా నిషేధించింది, ఆ వేటకు ఎక్కువగా వాడేది ఉక్కే. దానికి వాడ్, మందు, డేటా అన్నీ వేరు. కొత్తవాళ్లు అందులో వేలు పెట్టకుండా కొనుక్కోవడం మంచిది.

బల్ల మీద ఒకసారికి ఒక్క మందు డబ్బానే ఉండాలి. యంత్రంతో వచ్చే పట్టికలో, మందు కొలిచే ఫలానా బుషింగ్ ఇంత మందు వేస్తుందని రాసి ఉంటుంది. దాన్ని నమ్మకుండా త్రాసు మీద తూచి చూసుకోండి, అసలు తూకం తేడాగా ఉండటం మామూలే. కంటికి అద్దాలు తప్పనిసరి. కాల్చేటప్పుడు ‘ఠాప్’ అనాల్సిన తూటా ‘తుస్సు’మంటే వెంటనే ఆగి, తుపాకీ విప్పి గొట్టంలోకి చూడాలి. వాడ్ లోపలే ఉండిపోయి, దాని వెనక ఇంకో తూటా పేలితే గొట్టం చీలుతుంది. 20 గేజ్, 12 గేజ్ రెండూ వాడే ఇంట్లో మరో ప్రమాదం ఉంది. 20 తూటా 12 గొట్టంలోకి జారి ఇరుక్కుంటుంది, దాని వెనక 12 తూటా కూడా చక్కగా పడుతుంది. 20 గేజ్ తూటాలకు పసుపు రంగు వేసేది అందుకే. ఇంట్లో చేసేటప్పుడు కూడా 20కి పసుపు డొల్లలే వాడండి. ఇంకొకటి, ఇంట్లో చేసిన తూటాల వల్ల తుపాకీ పాడైతే తయారీదారులు సాధారణంగా వారంటీ ఇవ్వరు.

సీసం సంగతి మనవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. గుళ్లు ముట్టిన చేతులతో పకోడీ తినకూడదు. పని అయ్యాక చన్నీళ్లు, సబ్బుతో చేతులు కడగాలి. బల్ల దగ్గర దుమ్మును చీపురుతో ఊడ్చి లేపకుండా తడి గుడ్డతో తుడవాలి. చంటిపిల్లలు పాకే ఇంట్లోకి ఆ చెప్పులు రాకూడదు. పిల్లల రక్తంలో సీసానికి సురక్షితమైన మోతాదు లేదని వైద్యులు చెబుతారు. మీరు కూడా ఏడాదికోసారి రక్తపరీక్షలో సీసం చూపించుకోండి, ఇండోర్ రేంజ్‌లకు వెళ్లేవాళ్లయితే మరీ ముఖ్యం.

ఇక చట్టం. మనవాళ్లలో చాలామందికి తెలియని విషయమిది. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వలసేతర వీసాల మీద ఉన్నవాళ్లు అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. స్నేహితుడి గ్యారేజీలో సరదాగా నాలుగు తూటాలు చేసి ఇంటికి తెచ్చుకునేముందు మీ వీసా ఏమిటో గుర్తు చేసుకోండి, వకీలును అడగండి. ఒకసారి ఇమిగ్రేషన్ ఫైల్లో ఇలాంటిది పడితే 410లో మిగిలిన డాలర్లు దాన్ని కడగలేవు. సొంతానికి చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు గానీ, చేసి అమ్మితే కావాలి. ‘మాకూ రెండు పెట్టెలు చేసి పెట్టు, డబ్బులిస్తాం’ అనే బంధువులకు లేదని చెప్పేయండి.

భారతదేశంలో కథ వేరు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. కాబట్టి సంక్రాంతికి ఊరికొచ్చి బాబాయి 12 బోర్‌కు తూటాలు చేసిపెడతానని ముచ్చట పడకండి. విమానం ఎక్కేముందు క్లబ్బుకు తీసుకెళ్లే సంచీని, జాకెట్ జేబుల్ని దులిపి చూసుకోండి. సామానులో మరిచిపోయిన ఒక్క తూటాతో మన విమానాశ్రయాల్లో పట్టుబడి కేసుల్లో ఇరుక్కున్నవాళ్లు ఎందరో. తెలిసి పెట్టుకోలేదని కోర్టులో నిరూపించుకునేలోపు సెలవంతా ఆ తిరుగుడుతోనే సరిపోతుంది.

కొనేముందు

వారానికి ఒకటి రెండు రౌండ్లు, అదీ 12 గేజ్‌లో ఆడేవాళ్లు యంత్రం జోలికి వెళ్లవద్దు. పది పెట్టెల ఫ్లాట్ ఎక్కడ తగ్గింపు ధరకు వస్తే అక్కడ కొనుక్కోండి, నలుగురితో కలిసి కొంటే ఇంకా తగ్గుతుంది. డొల్లలు మాత్రం పారేయకండి. వించెస్టర్ ఏఏ, రెమింగ్టన్ ఎస్‌టీఎస్ లాంటి మంచి డొల్లలను రీలోడర్లు ఇష్టంగా తీసుకుంటారు, కొందరు కొనుక్కుంటారు కూడా. అడుగున ఉక్కు అంచు ఉన్న చవక రకాలు కాల్చాక ఉబ్బి యంత్రంలో సతాయిస్తాయి, వాటిని ఎవరూ అడగరు. నేల మీద పడ్డవి ఏరుకోవచ్చా లేదా అన్నది క్లబ్బును బట్టి ఉంటుంది, ముందు అడిగి ఏరండి.

28, 410 ఆడేవాళ్లు, నాలుగు గేజ్‌లతోనూ పోటీలుండే అమెరికన్ స్కీట్‌లో దిగుదామనుకునేవాళ్లు మాత్రం ఇవాళ కాకపోతే రేపైనా యంత్రం కొంటారు. వాళ్లకు నా సలహా, కొత్తది కొనవద్దని. ప్రతి క్లబ్బులోనూ ఒక పెద్దాయన ఉంటారు, ముప్ఫై ఏళ్లుగా మెక్ యంత్రం మీద తూటాలు చేస్తున్నవారు. ఆయన్ని అడిగి, ఆయన గ్యారేజీలో, ఆయన కళ్ల ముందు ఒక పెట్టె మీ చేత్తో చేసి చూడండి. ఆ గంట విసుగు పుట్టిస్తే మీ లెక్క అక్కడితో తేలిపోయింది, ఒక్క డాలరు కూడా ఖర్చు కాలేదు. నచ్చితే, కళ్లు సరిగా కనబడక మానేసినవాళ్ల యంత్రాలు ఎవరి దగ్గరున్నాయో ఆయనకే తెలుస్తుంది. పాత మెక్‌లు తరచుగా సగం ధరకే దొరుకుతాయి. కొనేముందు మీ గేజ్‌దేనా అని చూసుకుని, ఒక డొల్ల పెట్టి మీట ఆఖరిదాకా దించి చూడండి. తుప్పు పట్టి ఉంటే తుడుచుకోవచ్చు, అరిగిన భాగాలకు బదులు కొత్తవి కంపెనీ ఇంకా అమ్ముతోంది.